గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు



ఈ రోజు చెప్పుకునే సంగతి మన దేశానిది కాదు. చాలా దూరంలో పోలండ్ అనే దేశం ఉంది. అక్కడ చలి ఎక్కువ. చలికాలంలో మంచు కురుస్తుంది. వాళ్ళు రొట్టె, బంగాళాదుంపలు, మాంసం తింటారు. దేశం వేరు, భాష వేరు, తిండి వేరు. కానీ సంచీ పట్టుకుని షాపు ముందు లైనులో నిలబడేది అక్కడ కూడా ఆడవాళ్ళే.

పోలండ్‌లో సముద్రం ఒడ్డున గడాన్స్క్ అనే ఊరు ఉంది. మన విశాఖపట్నంలో లాగే అక్కడా ఓడలు కట్టే పెద్ద కార్ఖానా ఉండేది. దాని పేరు లెనిన్ షిప్‌యార్డు. వేల మంది పని చేసేవాళ్ళు. అందులో ఒక ఆడమనిషి క్రేను నడిపేది. ఆమె పేరు అన్నా వాలెంటినోవిచ్. తెలుగులో అన్న అంటే తోడబుట్టినవాడు. అక్కడ మాత్రం అన్నా అనేది ఆడవాళ్ళ పేరు.

అన్నా 1929లో పుట్టింది. చిన్నతనంలోనే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇంటివాళ్ళకు దూరమైంది. బడి చదువు ఎక్కువ రోజులు సాగలేదు. పరాయి ఇళ్ళలో పని చేసి పెరిగింది. 1950లో షిప్‌యార్డులో చేరింది. ముందు ఇనుము అతికే వెల్డింగు పని, తర్వాత క్రేను పని. పనిలో ముందుండేది. మెచ్చుకుని బహుమతులు కూడా ఇచ్చారు. భర్త చనిపోయాడు. ఒక్కడే కొడుకు.

1980 ఆగస్టు 7న ఆమెను పనిలోంచి తీసేశారు. ఇంకో ఐదు నెలలు గడిస్తే పింఛను వచ్చేది!

ఎందుకు తీసేశారు? పని రాక కాదు. ఆమెకు నోరుంది. కూలీల సొమ్ము పక్కదారి పడితే అడిగేది. దొంగచాటుగా అచ్చు వేసిన చిన్న పత్రికను తోటివాళ్ళకు పంచేది. సర్కారుతో సంబంధం లేని సొంత యూనియన్ కావాలనేది. ఆ దేశంలో అది పెద్ద నేరం.

అదేమిటి, యూనియన్ అడిగితే నేరమా? అని మీకు అనుమానం రావచ్చు. అందుకే అక్కడి పాలన ఎలా ఉండేదో కొంచెం తెలుసుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ సర్వనాశనమైంది. హిట్లర్ సైన్యాన్ని తరుముకుంటూ రష్యా సైన్యం అక్కడికి వచ్చింది. ఆ సైన్యం అండతో కమ్యూనిస్టు పార్టీ గద్దెనెక్కింది. ఇది కార్మికుల రాజ్యం అన్నారు. కార్ఖానాలన్నీ సర్కారువి చేశారు. మంచి పనులు జరగలేదని కాదు. కూలిపోయిన ఊళ్ళు కట్టారు. పల్లెటూరి పిల్లలకు బళ్ళు పెట్టారు. 1949లో చదువు రాని పెద్దవాళ్ళకు చదువు చెప్పాలని చట్టం చేశారు. మీలాగే అక్కడా లక్షల మంది పెద్దవాళ్ళు పలకా బలపం పట్టారు. ఆడవాళ్ళకు కార్ఖానాల్లో పనులు దొరికాయి. అన్నా కూడా మొదట్లో ఆ మాటలన్నీ నమ్మింది.

కానీ చదువు నేర్పినవాళ్ళే, ఏం చదవాలో తామే నిర్ణయించారు. ప్రతి పత్రికనూ అచ్చుకు ముందు సర్కారు మనిషి చూడాలి. నచ్చని మాట కొట్టేస్తాడు. యూనియన్ ఉంది, కానీ అది పార్టీ చెప్పినట్టే ఆడుతుంది. ఓట్లు కూడా ఉన్నాయి. కానీ ఎవరు గెలవాలో ముందే అనుకునేవాళ్ళు. కాగితం మీద ఏ పేరూ కొట్టెయ్యకుండా పెట్టెలో వేస్తే సరిపోయేది. కొట్టెయ్యాలనుకుంటే తెరచాటుకు వెళ్ళాలి. తెర వెనక్కి ఎవరు వెళ్ళారో చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఊళ్ళలో ఎర్రజెండా పార్టీలు ఉన్నాయి. అవి ఓట్లకు నిలబడతాయి. గెలుస్తాయి, ఓడతాయి. కేరళలో 1957లో కమ్యూనిస్టు పార్టీ ఓట్లతోనే గెలిచింది. పోలండ్‌లో సంగతి అది కాదు. అక్కడ పార్టీని ఓడించే దారే లేదు. ఏ పార్టీ అయినా సరే, ఓడించే దారి లేనప్పుడు దానికి జనం మాట వినే అలవాటు పోతుంది.

మరి వంటింటి సంగతి? ధరలు కూడా సర్కారే పెడుతుంది. షాపుల్లో సరుకు ఉండదు. మాంసం వచ్చిందంటే తెల్లవారుజామునే లైను. లైనులో నిలబడే వాళ్ళ పేర్లు రాసుకోవటానికి వేరే జాబితాలు ఉండేవి. పగలంతా కార్ఖానా పని, తర్వాత లైను, తర్వాత పొయ్యి. 1976లో చక్కెరకు రేషన్ కార్డులు పెట్టారు. అధికారుల కోసం మాత్రం వేరే షాపులు ఉండేవి. వాటి కిటికీలకు పసుపు పచ్చ తెరలు కట్టేవాళ్ళట. తెర వెనక అన్నీ దొరుకుతాయి. కార్మికుల రాజ్యంలో కార్మికుడి పెళ్ళాం లైనులో ఉంటే, అధికారి పెళ్ళాం తెర వెనక ఉంది!

1970 డిసెంబరులో, పండగ ముందు, తిండి సరుకుల ధరలు పెంచారు. గడాన్స్క్‌లోనూ, చుట్టుపక్కల రేవు పట్నాల్లోనూ కార్మికులు వీధుల్లోకి వచ్చారు. సైన్యం కాల్చింది. నలభై మందికి పైగా చనిపోయారు. పైనున్న నాయకుణ్ణి దించి ఇంకొకరిని కూర్చోబెట్టారు. ధర మాత్రం తగ్గలేదు.

ఆ ధర తగ్గించింది ఎవరో తెలుసా? లోడ్జ్ అనే ఊరి ఆడవాళ్ళు. అది బట్టల మిల్లుల ఊరు. మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. చెవులు చిల్లులు పడే మోత, గాలి నిండా దూది నలుసులు, చాలీచాలని జీతం. 1971 ఫిబ్రవరిలో వాళ్ళు మగ్గాలు ఆపేశారు. ప్రధానమంత్రి స్వయంగా వచ్చాడు. అంతకుముందు కొత్త నాయకుడు గడాన్స్క్ కార్మికులను, "మాకు సాయం చేస్తారా?" అని అడిగి ఒప్పించాడు. ఇక్కడా అలాగే అడిగారు. చెయ్యం అన్నారు ఆడవాళ్ళు. పిల్లలకు ఏం పెట్టమంటారు అని ప్రధానమంత్రి ముందే ఏడ్చారు, అరిచారు. కొద్ది రోజుల్లోనే పెంచిన ధరలు వెనక్కి తీసుకున్నారు. ఈ సంగతి చాలా పుస్తకాల్లో రెండు ముక్కల్లో ముగిసిపోతుంది. కాల్పులు జరిగిన చోటుకు పేరు వచ్చింది. పని జరిగిన చోటుకు రాలేదు.

1980 జూలైలో మళ్ళీ మాంసం ధర పెంచారు. మళ్ళీ అక్కడక్కడా సమ్మెలు. సరిగ్గా అప్పుడే అన్నాను పనిలోంచి తీశారు.

ఆగస్టు 14 తెల్లవారుజామున షిప్‌యార్డులో కార్మికులు పని ఆపేశారు. మొదటి కోరిక, అన్నాను తిరిగి పనిలోకి తీసుకోవాలి. ఇంకో కోరిక, అంతకుముందు తీసేసిన లెక్ వాలెసా అనే ఎలక్ట్రీషియన్‌ను కూడా తీసుకోవాలి. జీతం పెంచాలి. 1970లో చనిపోయినవాళ్ళకు గుర్తుగా స్తంభం కట్టాలి. వాలెసా వచ్చి సమ్మెకు నాయకుడయ్యాడు. యాజమాన్యం తమ కారు పంపి అన్నాను లోపలికి తెప్పించింది.

సమ్మెలో పెట్టిన నియమాల్లో ఒకటి వినండి. లోపల ఎవరూ తాగకూడదు! తాగినవాడు గొడవ చేస్తాడు, ఆ గొడవ చూపించి పోలీసులు లోపలికి వస్తారు. సారా సంగతి తెలిసిన మీకు దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

ఆగస్టు 16, శనివారం. యాజమాన్యం దిగివచ్చింది. అన్నాను తీసుకుంటాం, వాలెసాను తీసుకుంటాం, జీతం పెంచుతాం అంది. సమ్మె అయిపోయిందని వాలెసా ప్రకటించాడు. జనం గేటు వైపు కదిలారు. ఇంటికి వెళ్ళాలని ఎవరికి ఉండదు? మూడు రోజులుగా నేల మీద పడుకున్నారు.

అయితే ఈలోగా ఊళ్ళో వేరే చోట్ల కూడా సమ్మె మొదలైంది. బస్సులు, ట్రాములు, చిన్న చిన్న కార్ఖానాలు. వాళ్ళంతా షిప్‌యార్డును చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళే. హెన్రికా క్షివోనోస్ అనే ఆమె ట్రాము నడిపేది. ట్రాము అంటే రోడ్డు మీద పట్టాలపై నడిచే బండి. ఆగస్టు 15న ఆమె తన ట్రామును నడిరోడ్డు మీద ఆపేసి సమ్మెలో చేరింది. షిప్‌యార్డు వాళ్ళు వెళ్ళిపోతున్నారని తెలిసి ఆమె మండిపడింది. పెద్దవాళ్ళు మీరు మీ పని చూసుకుని పోతే, చిన్నవాళ్ళం మేమేం కావాలి? మీ వెనక వేలమంది ఉన్నారు. మా బస్సులు సైన్యం ట్యాంకులకు ఎదురు నిలబడగలవా? ఇదీ ఆమె అడిగినది.

అన్నా వింది. షిప్‌యార్డు ఆసుపత్రిలో నర్సు అలీనా పియెన్‌కోవ్‌స్కా కూడా వింది. సమ్మె మొదలైన వార్తను ఫోనులో రాజధానికి చేరవేసింది ఈ నర్సే. ఆ తర్వాత ఫోను తీగలు కోసేశారు. ఇప్పుడు ఈ ఆడవాళ్ళు గేటు దగ్గరికి పరుగెత్తారు. మైకు లేదు. అలీనా ఒక పీపా ఎక్కింది. మనిషి చిన్నది, గొంతు చిన్నది. మన కోసం సమ్మె చేసినవాళ్ళను వదిలి వెళ్ళొద్దు అని చెప్పింది. వెళ్ళేవాళ్ళలో కొందరు తిట్టారు. కొందరు తల దించుకుని పోయారు. కొందరు ఆగారు. గేట్లు మూయించారు. వాలెసా కూడా మనసు మార్చుకున్నాడు.

ఆ రాత్రి లోపల మిగిలినవాళ్ళు చాలా తక్కువ. అన్నాకు తన ఉద్యోగం అప్పటికే వచ్చేసింది. ఇంటికి వెళ్ళి హాయిగా పడుకోవచ్చు. ఐదు నెలలు కళ్ళు మూసుకుంటే పింఛను. ఆమె వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే ఆ సమ్మె ఒక కార్ఖానా జీతాల గొడవగానే ముగిసిపోయేది.

తెల్లారేసరికి అన్ని కార్ఖానాలకూ కలిపి ఒకే సమ్మె సంఘం తయారైంది. ఇళ్ళకు వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి వచ్చారు. ఊరి జనం గేటు ఊచల్లోంచి రొట్టెలు, పండ్లు అందించారు. సంఘం వాళ్ళు 21 కోరికలు రాశారు. కాగితం మీద కాదు, పెద్ద పెద్ద చెక్క పలకల మీద, అందరికీ కనబడేలా. ఆ పలకలను గేటుకు వేలాడదీశారు. దారిన పోయే ప్రతివాళ్ళూ నిలబడి చదివారు.

మొదటి కోరిక, పార్టీతో సంబంధం లేని సొంత యూనియన్. రెండోది, సమ్మె చేసే హక్కు. మూడోది, పత్రికలకు స్వేచ్ఛ. ఇవి పెద్ద కోరికలు. కింద ఇంకా ఉన్నాయి. అధికారులకు వేరే షాపులు ఉండకూడదు. 17వది, పనికి వెళ్ళే తల్లుల పిల్లలకు శిశు కేంద్రాలు కావాలి. 18వది, బిడ్డను పెంచటానికి తల్లికి మూడేళ్ళు జీతంతో సెలవు కావాలి. ఇవి మగవాళ్ళు తమంతట తాము రాసినవి కావని ఊహించటం కష్టం కాదు.

ఉప ప్రధానమంత్రి దిగివచ్చాడు. మాటలు మూసిన తలుపుల వెనక జరగలేదు. మైకులో యార్డు అంతా వినబడ్డాయి. ఆగస్టు 31న ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. కొత్త యూనియన్ పుట్టింది. దాని పేరు సాలిడారిటీ. ఐకమత్యం అని అర్థం. ఏడాది తిరిగేసరికి అందులో దాదాపు కోటి మంది చేరారు. కమ్యూనిస్టు రాజ్యంలో పార్టీ చేతిలో లేని అంత పెద్ద సంఘం అదే మొదటిది.

కష్టాలు మాత్రం పోలేదు. 1981లో మాంసానికి కూడా రేషన్ కార్డు వచ్చింది. కార్డు ఉన్నా సరుకు లేదు. 1981 జూలై ఆఖరులో లోడ్జ్ ఆడవాళ్ళు పిల్లలను వెంటబెట్టుకుని, ఖాళీ గిన్నెలు పట్టుకుని వీధుల్లో నడిచారు. అప్పుడూ లోడ్జ్ ఆడవాళ్ళే!

1981 డిసెంబరు 13న సర్కారు సైనిక చట్టం పెట్టింది. పాలకుడు జనరల్ యరుజెల్‌స్కీ. తెల్లారి లేచేసరికి ఫోన్లు లేవు, వీధుల్లో ట్యాంకులు. సాలిడారిటీ నాయకులను వేల సంఖ్యలో జైల్లో పెట్టారు. అన్నా కూడా జైలుకు వెళ్ళింది. వూయెక్ అనే బొగ్గు గనిలో సమ్మె చేసిన వారిని కాల్చారు. తొమ్మిది మంది చనిపోయారు.

మగ నాయకులు జైల్లో ఉన్నారు, లేదా దాక్కున్నారు. మరి ఉద్యమం ఎలా బతికింది? పత్రిక వల్ల బతికింది. రాజధాని వార్సాలో కొందరు ఆడవాళ్ళు కలిసి దొంగచాటుగా వారపత్రిక మొదలుపెట్టారు. హెలెనా వూచివో అనే ఆమె అందులో ముఖ్యురాలు. ఈ రోజు ఒక ఇంట్లో రాత, రేపు ఇంకో ఇంట్లో టైపు. అచ్చు ఇంకెక్కడో. సంచుల్లో కూరగాయల కింద పెట్టి, పిల్లల బండిలో దాచి పంచేవాళ్ళు. ఆడవాళ్ళు వార్తలు రాసి దేశాన్ని నడిపిస్తారని పోలీసులకు తట్టలేదు. వాళ్ళు మగవాళ్ళను వెతుకుతూ ఉన్నారు. ఆ పత్రిక 1982 నుంచి 1989 దాకా నడిచింది. ఒక్కో సంచిక వేల ప్రతులు, ఒక్కోసారి 80 వేల దాకా. ఒకటి పదిమంది చదివేవాళ్ళు.

1983లో వాలెసాకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. దేశం దాటితే తిరిగి రానివ్వరని ఆయన వెళ్ళలేదు. భార్య దనూతా వెళ్ళి తీసుకుంది.

1985లో రష్యాలో గోర్బచేవ్ వచ్చాడు. పాలన మార్చాలి, జనాన్ని మాట్లాడనివ్వాలి అన్నాడు. పక్క దేశాల మీదికి సైన్యం పంపే రోజులు పోయాయని మెల్లగా తెలిసింది. పోలండ్ సర్కారుకు అప్పులు పేరుకుపోయాయి. ధరలు పెంచితే సమ్మె, పెంచకపోతే దివాలా. 1988లో మళ్ళీ సమ్మెలు వచ్చాయి. ఇక మాట్లాడక తప్పలేదు. 1989 ఫిబ్రవరి 6న పెద్ద గుండ్రటి బల్ల చుట్టూ సర్కారు వాళ్ళూ, సాలిడారిటీ వాళ్ళూ కూర్చున్నారు. ఏప్రిల్ 5 దాకా మాటలు సాగాయి. ఆ బల్ల దగ్గర ఆడవాళ్ళు ఎంతమంది? ఒక చేతి వేళ్ళు కూడా అక్కర్లేదు లెక్కపెట్టటానికి. గేటు మూసేటప్పుడు కావలసిన ఆడవాళ్ళు, కుర్చీ వేసేటప్పుడు గుర్తు రాలేదు.

ఒప్పందం ఏమిటంటే, పెద్ద సభలో నూటికి 65 సీట్లు పార్టీకీ, దాని మిత్రులకూ ముందే కేటాయిస్తారు. మిగిలిన 35కి ఎవరైనా నిలబడవచ్చు. కొత్తగా పెట్టే రెండో సభలో 100 సీట్లకూ స్వేచ్ఛగా పోటీ. ఎటు చూసినా తామే గెలుస్తామని పార్టీ అనుకుంది.

1989 జూన్ 4న ఓట్లు. ఓటు వేసే పద్ధతి మన దగ్గర లాంటిది కాదు. ముద్ర వెయ్యరు. కాగితం మీద పేర్లు ఉంటాయి. వద్దనుకున్న పేర్లు కలంతో కొట్టెయ్యాలి. కోరుకున్న పేరు ఉంచాలి. దీనికి చదవటం రావాలి. జనం కలాలు పట్టుకుని తెర వెనక్కి వెళ్ళారు. ఈసారి భయం లేదు. ఒక్కో పేరూ చదివి కొట్టేశారు. పోటీయే లేకుండా పెద్ద పెద్ద నాయకుల పేర్లు 35 ఒక జాబితాలో పెట్టారు. అందులో 33 మందిని జనం కొట్టేశారు! పెద్ద సభలో పోటీ ఉన్న 161 సీట్లనూ సాలిడారిటీ వాళ్ళే గెలిచారు. రెండో సభలో నూటికి 99.

అదే జూన్ 4న చైనా రాజధాని బీజింగ్‌లో స్వేచ్ఛ అడిగిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. అక్కడ కమ్యూనిస్టు పార్టీ పాలన కూలలేదు. పోలండ్‌లో కాల్చలేదు. ఆగస్టులో మజోవియెట్‌స్కీ ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన కమ్యూనిస్టు కాదు. నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఏడాది చివరికి చుట్టుపక్కల దేశాల్లో పార్టీల పాలన ఒకదాని వెంట ఒకటి పడిపోయింది. 1990 జనవరిలో పోలండ్ పార్టీ తనను తానే రద్దు చేసుకుంది. 1990 చివర్లో వాలెసా రాష్ట్రపతి అయ్యాడు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది.

తర్వాత ఏమైంది? 1990 జనవరి 1 నుంచి సర్కారు ధరలను వదిలేసింది. షాపులు నిండాయి. లైన్లు పోయాయి. మాంసం అద్దాల వెనక వేలాడుతోంది, కొనే డబ్బు లేదు. నష్టాల కార్ఖానాలు మూతపడ్డాయి. ఆ ఏడాది చివరికి పది లక్షల మందికి పైగా పని పోయింది. లోడ్జ్ బట్టల మిల్లులు ఒక్కొక్కటే ఆగాయి. ధర తగ్గించిన ఆ ఆడవాళ్ళే ఇప్పుడు పని లేక కూర్చున్నారు. 1992లో హన్నా సుహోట్‌స్కా అనే మహిళ ప్రధానమంత్రి అయింది. ఆమె ఉన్నప్పుడే, 1993లో, గర్భస్రావం మీద కఠినమైన చట్టం వచ్చింది. అంతకుముందు ఆడవాళ్ళకు ఉన్న వీలు పోయింది. గడాన్స్క్ షిప్‌యార్డు 1996లో దివాలా తీసింది.

ఇవన్నీ చూసి, పాత రోజులే నయం అన్నవాళ్ళు ఉన్నారు. ఆ మాట పైకి అనగలిగారు, పత్రికలో రాయగలిగారు, తర్వాతి ఎన్నికల్లో నచ్చనివాళ్ళను ఓడించగలిగారు. 1993లో పాత కమ్యూనిస్టుల కొత్త పార్టీయే ఓట్లతో గెలిచింది. ఈసారి ఓడించే దారి కూడా ఉంది. 1997లో ఓడించారు.

అన్నాకూ వాలెసాకూ పొసగలేదు. ఆయన రాష్ట్రపతి భవనంలో ఉన్నప్పుడు ఆమె తన చిన్న ఇంట్లోనే ఉంది. ఒప్పందాలు పైవాళ్ళకే పనికొచ్చాయని చివరిదాకా గట్టిగా అనేది. ఆమె మాట అందరూ ఒప్పుకోలేదు. ఆమె కూడా ఎవరి మెప్పూ కోరలేదు. 2010 ఏప్రిల్ 10న రష్యాలో స్మోలెన్స్క్ దగ్గర పోలండ్ రాష్ట్రపతి విమానం కూలింది. 96 మంది చనిపోయారు. అందులో అన్నా కూడా ఉంది. వయసు 80.

గేటుకు వేలాడదీసిన చెక్క పలకలు మాత్రం పోలేదు. సైనిక చట్టం రోజుల్లో ఒకాయన వాటిని దాచిపెట్టాడు. 2003లో ప్రపంచమంతా కాపాడుకోవలసిన రాతల జాబితాలో యునెస్కో వాటిని చేర్చింది. గడాన్స్క్‌లో వాటిని చూడవచ్చు. చేత్తో రాసిన అక్షరాలు. 17వ వరుసలో పనికి వెళ్ళే తల్లుల పిల్లలకు శిశు కేంద్రాలు కావాలని ఉంది. 1990 తర్వాత కార్ఖానాలతో పాటు అక్కడి శిశు కేంద్రాలు కూడా చాలా మూతపడ్డాయి.